గెలిచి కూడా ఎందుకు ఏడ్చారు? ఫుట్‌బాల్ లీగ్ ఆఖరి రోజు లెక్క

2023 మే 28, ఆదివారం. అహ్మదాబాద్‌లో చెన్నై, గుజరాత్ ఐపీఎల్ ఫైనల్. ఆమదాలవలసలో చిన్నాన్న వాళ్లింట్లో పదిమందిమి టీవీ ముందు కూర్చున్నాం. టాస్ కూడా పడలేదు, వర్షం. ఎంతసేపు చూసినా కవర్లు కప్పిన గ్రౌండే చూపిస్తున్నాడు. తొమ్మిది ఆ ప్రాంతంలో నేను రిమోట్ తీసుకుని ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పెట్టేశాను, ఎందుకంటే ప్రీమియర్ లీగ్ ఆఖరి రోజు కూడా అదే, వారం నుంచి నేను దానికోసమే ఎదురుచూస్తున్నా. ఎవరూ వద్దనలేదు, వర్షం చూసేకన్నా నయం కదా అని.

పదకొండు అయ్యేసరికి మ్యాచ్‌లు అయిపోయాయి. లెస్టర్ సిటీ వెస్ట్‌హామ్ మీద 2-1తో గెలిచింది. కెమెరా స్టాండ్స్ వైపు తిరిగింది, నీలం జెర్సీలు వేసుకున్న పెద్దపెద్దోళ్లు మొహం చేతుల్లో పెట్టుకుని ఏడుస్తున్నారు. పిన్ని "అయ్యో పాపం, ఆ పిల్లడ్ని సూడండి" అంది. చిన్నాన్న కుర్చీలోంచి ముందుకి వంగి "ఏట్రా ఇది, గెలిసినోలు ఏడుస్తన్నారేటి?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పడానికి నాకు ఆ రాత్రి గంటన్నర పట్టింది. గోడకున్న క్యాలెండర్లో ఏప్రిల్ కాగితం చింపి వెనకవైపు టేబుల్ గీసి మరీ చెప్పాను. అప్పటినుంచి ఎవరడిగినా అలాగే చెప్తున్నా, ఇక్కడ అదే రాస్తున్నాను.

ముందు రెలిగేషన్ అంటే ఏటో చూద్దాం. ఐపీఎల్‌లో పది టీంలు, పదో స్థానంలో ఉన్నవాళ్లు వచ్చే ఏడు మళ్లీ అదే లీగ్‌లో, అదే జెర్సీతో ఆడతారు, ఆక్షన్‌లో కూడా కూర్చుంటారు. ఇంగ్లండ్‌లో అలా కుదరదు. ప్రీమియర్ లీగ్‌లో 20 టీంలు, దాని కింద ఛాంపియన్‌షిప్‌లో 24, దాని కింద లీగ్ వన్‌లో 24, ఇంకా కింద లీగ్ టూలో 24. ఇవన్నీ మెట్లు. పై మెట్టు మీద ఒక్కో టీం 38 మ్యాచ్‌లు ఆడాక అడుగున ఉన్న ముగ్గురు, అంటే 18, 19, 20 స్థానాల్లో ఉన్నవాళ్లు, కింద మెట్టుకి దిగిపోవాలి, రెలిగేషన్ అంటే ఇదే, కింద నుంచి ముగ్గురు పైకి ఎక్కుతారు. అందుకే టేబుల్లో 17వ పేరుకీ 18వ పేరుకీ మధ్య ఒక గీత ఉంటుంది. ఛాంపియన్ ఎవరో తేలిపోయి నెల గడిచినా సరే, ఆ గీత దగ్గర మాత్రం ఆఖరి రోజు వరకు కొట్లాట ఉండొచ్చు. మన రంజీలో ఎలైట్, ప్లేట్ అని రెండు అంతస్తులు ఉన్నాయి, పైనుంచి కిందకి దించుతారు కూడా, కానీ దానికి స్టేడియం నిండా జనం ఏడ్చిన సందర్భం నేనైతే చూడలేదు.

మన వైపు ఈ సంగతి చెప్పడం ఎందుకు కష్టమంటే మనం పెరిగిందంతా నాకౌట్ టోర్నమెంట్లతో. సంక్రాంతికి వాలీబాల్ పెడతారు, కబడ్డీ పెడతారు, ఓడితే ఇంటికి, గెలిస్తే తర్వాత రౌండ్‌కి, నీ మ్యాచ్ నీ చేతిలో ఉంటుంది. ఇంకా పెద్ద ఉదాహరణ కావాలంటే మన ఆమదాలవలస పక్కనున్న ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీలో 240 కేజీలు ఎత్తి బ్రాంజ్ తెచ్చారు, ఆ బార్ ముందు నిలబడ్డాక ఎత్తాల్సింది ఆవిడే, ఇంకో ఊళ్లో ఇంకో స్టేడియంలో ఎవరో ఏదో చేస్తే ఆవిడ ఎత్తిన బరువు చెల్లకుండా పోదు. లీగ్ ఆఖరి రోజు సరిగ్గా దీనికి రివర్స్. టీం ఆడేది ఒక్క మ్యాచ్, దాని బతుకు తేల్చేవి మాత్రం మూడు నాలుగు మ్యాచ్‌లు, అవి కూడా వంద కిలోమీటర్ల అవతల అదే నిమిషంలో జరుగుతూ ఉంటాయి. నాకు ఈ రోజు మీద ఇంత పిచ్చి ఉండటానికి కారణం అదే.

ఇప్పుడు ఆ రాత్రి క్యాలెండర్ కాగితం మీద ఏం రాశానో చెప్తాను. సౌతాంప్టన్ అప్పటికే దిగిపోయింది, దిగిపోయే కుర్చీలు ఇంకో రెండు ఖాళీ, ముగ్గురు టెన్షన్‌లో ఉన్నారు. ఎవర్టన్ 33 పాయింట్లు, లెస్టర్ 31, లీడ్స్ 31. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1. ముగ్గురికీ సొంత గ్రౌండ్‌లోనే మ్యాచ్‌లు. లీడ్స్ టాటెన్‌హామ్ చేతిలో మొదట్లోనే గోల్ తినేసింది, చివరికి 4-1తో ఓడింది, దాని కథ అక్కడితో సరి. మిగిలింది ఇద్దరు.

34వ నిమిషంలో లెస్టర్‌కి హార్వీ బార్న్స్ గోల్ కొట్టాడు. ఇప్పుడు లెక్క చూడండి. లెస్టర్ గెలుస్తోంది, 31కి 3 కలిపితే 34. ఎవర్టన్ బోర్న్‌మత్‌తో 0-0, డ్రా, 33కి 1 కలిపితే 34. సమానం. సమానం అయితే గోల్ డిఫరెన్స్ చూస్తారు, అంటే ఏడాది మొత్తం కొట్టిన గోల్స్‌లోంచి తిన్న గోల్స్ తీసేయడం. లెస్టర్‌ది మైనస్ 17, ఎవర్టన్‌ది మైనస్ 24. అంటే ఆ క్షణానికి లెస్టర్ గీతకి పైన, 1954 నుంచి ఒక్కసారి కూడా పై మెట్టు దిగని ఎవర్టన్ గీతకి కింద. ఎవర్టన్ తప్పేం చేయలేదు, ఆ నిమిషంలో గోల్ కూడా తినలేదు, అయినా దిగిపోయింది. సెకండ్ హాఫ్‌లో 57వ నిమిషం దాకా అలాగే. అప్పుడు ఎవర్టన్ ఆటగాడు అబ్దులాయే డుకురే గోల్ ముందు గీసి ఉండే బాక్స్ బయటనుంచి ఒక్కటి కొట్టాడు, అది నెట్‌లో పడింది, ఎవర్టన్ 36. ఐదు నిమిషాలకి లెస్టర్ రెండో గోల్ కొట్టింది, కానీ దానివల్ల ఏమీ లాభం లేదు, లెస్టర్ పది గోల్స్ కొట్టినా 34 దగ్గరే ఆగిపోతుంది. వాళ్ల మ్యాచ్ వాళ్లు గెలుస్తున్నారు, అయినా వాళ్ల చేతిలో ఏమీ లేదు, ఎవర్టన్ ఒక గోల్ తింటే తప్ప. ఎవర్టన్ తినలేదు. పిన్ని చూపించిన పిల్లాడు ఏడ్చింది అందుకు. ఏడేళ్ల కిందట, 2016లో, ఇదే లెస్టర్ ప్రీమియర్ లీగ్ ఛాంపియన్.

గోల్ డిఫరెన్స్ అనగానే చిన్నాన్న "రన్‌రేట్ లాటిదేనా?" అన్నాడు. ఐడియా అదే. తర్వాత ఏడు 2024 మే 18న బెంగళూరు, చెన్నై మ్యాచ్ అయితే మనోళ్లందరికీ గుర్తే ఉంటుంది, బెంగళూరు 218 కొట్టింది, చెన్నై గెలవక్కర్లేదు, 201 కొడితే చాలు ప్లేఆఫ్‌కి వెళ్లిపోతుంది, ఆఖరి ఓవర్లో 17 కావాలి, ధోనీ మొదటి బంతికి సిక్స్ కొట్టి రెండో బంతికి ఔటయ్యాడు, 191 దగ్గర ఆగిపోయారు. ఆ రోజు ఇంట్లో ఎవరికీ నేను లెక్క చెప్పక్కర్లేకపోయింది, అందరూ 201 చూసే కూర్చున్నారు. ఫుట్‌బాల్లో తేడా ఏటంటే ఇది పైకి వెళ్లడం గురించి కాదు, కింద పడిపోకుండా ఉండటం గురించి. పైగా గోల్స్ చాలా తక్కువ కాబట్టి ఒక్కోటి చాలా బరువు. అక్టోబర్లో ఎక్కడో 3-0తో ఓడిపోతున్న మ్యాచ్‌లో ఇంకేముందిలే అని వదిలేసి ఇంకో రెండు తినేస్తే, ఆ రెండూ మే నెల దాకా కూర్చుని ఉంటాయి.

దీనికి బాగా గుర్తుపెట్టుకోవాల్సిన ఉదాహరణ 2007. ఆఖరి రోజు షెఫీల్డ్ యునైటెడ్‌కి 38 పాయింట్లు, విగాన్‌కి 35, ఆ ఇద్దరికీ ఒకరితో ఒకరికే మ్యాచ్, షెఫీల్డ్ సొంత గ్రౌండ్‌లో. షెఫీల్డ్‌కి డ్రా చాలు. విగాన్ 2-1తో గెలిచేసింది, అదీ ఒక ఆటగాడు రెడ్ కార్డ్‌తో బయటికి పోయాక పదిమందితో కాపాడుకుని. ఇద్దరూ 38 దగ్గర సమానం. గోల్ డిఫరెన్స్ విగాన్ మైనస్ 22, షెఫీల్డ్ మైనస్ 23. ఒక్కటే తేడా. విగాన్ గెలుపు గోల్ పెనాల్టీ, అది కొట్టింది డేవిడ్ అన్స్‌వర్త్, అదే సీజన్ మధ్యలో జనవరిలో షెఫీల్డ్ యునైటెడ్‌నుంచే విగాన్‌కి వెళ్లినోడు. వాళ్లు వద్దనుకుని పంపించిన మనిషే వాళ్లని దించేశాడు.

అదే రోజు ఇంకో పక్క వెస్ట్‌హామ్ మాంచెస్టర్ యునైటెడ్ గ్రౌండ్‌కి వెళ్లి 1-0తో గెలిచి బతికింది, గోల్ కొట్టింది కార్లోస్ టెవెజ్. ఆ టెవెజ్ హక్కుల్లో బయటివాళ్లకి వాటా ఉందని, అది రూల్స్‌కి విరుద్ధమని అప్పటికే గొడవ, వెస్ట్‌హామ్‌కి 55 లక్షల పౌండ్ల ఫైన్ వేశారు కానీ పాయింట్లు కట్ చేయలేదు. షెఫీల్డ్ వాళ్ల బాధ అర్థం చేసుకోవచ్చు. ఆ కేసు ఆర్బిట్రేషన్ దాకా వెళ్లి 2009లో రెండు క్లబ్బులూ సెటిల్ చేసుకున్నాయి. నా అభిప్రాయం అడిగితే పాయింట్లు కట్ చేయాల్సింది, ఎందుకంటే లీగ్‌లో నిజమైన కరెన్సీ పాయింట్లే, డబ్బు ఫైన్ అనేది ఆ గీత దగ్గర ఎవరినీ కదిలించదు.

గోల్ డిఫరెన్స్ కూడా సమానం అయితే? అప్పుడు ఎవరు ఎక్కువ గోల్స్ కొట్టారో చూస్తారు. ఇది పుస్తకంలో రూల్ మాత్రమే అనుకోకండి, జర్మనీలో 1999 మే 29న ఇదే జరిగింది. న్యూరంబర్గ్ ఆ రోజు పొద్దున్న 12వ స్థానంలో ఉంది, వీళ్లు దిగిపోతారని ఎవరూ ఊహించలేదు. సొంత గ్రౌండ్‌లో ఫ్రైబర్గ్ చేతిలో 2-1తో ఓడింది. కింద ఉన్న టీంలు ఒక్కొక్కటిగా గెలుచుకుంటూ వచ్చేశాయి. ఫ్రాంక్‌ఫర్ట్ మాత్రం మామూలుగా గెలిస్తే సరిపోదు, కైసర్స్‌లాటర్న్ మీద 4-1తో గెలుస్తున్నా ఇంకా గీత కిందే ఉంది, ఇంకొక్క గోల్ కావాలి. 89వ నిమిషంలో ఫ్యోర్‌టాఫ్ట్ అనే నార్వే ఆటగాడు గోల్‌కీపర్ ముందు ఒక్కడే దొరికాడు, మనమైతే గుండె దడతో బంతిని గట్టిగా తన్నేస్తాం, అతను కాలు బంతి మీదుగా తిప్పి కీపర్ని మోసం చేసి అప్పుడు వేశాడు. 5-1. ఇద్దరికీ 37 పాయింట్లు, ఇద్దరికీ మైనస్ 10. ఫ్రాంక్‌ఫర్ట్ కొట్టినవి 44, న్యూరంబర్గ్ కొట్టినవి 40. న్యూరంబర్గ్ దిగిపోయింది.

ఈ రూల్ అన్ని దేశాల్లో ఒకటే కాదు. స్పెయిన్‌లో పాయింట్లు సమానమైతే ముందు ఆ రెండు టీంలూ ఒకరితో ఒకరు ఆడిన మ్యాచ్‌లు చూస్తారు. ఇటలీలో అయితే ఇప్పుడు 17, 18 స్థానాలు సమానమైతే ఇంకో మ్యాచ్ పెట్టేస్తారు, 2023 జూన్‌లో వెరోనా, స్పెజియా అలాగే ఆడాయి, వెరోనా 3-1తో గెలిచి మిగిలింది. నాకు ఇటలీ పద్ధతి న్యాయంగా అనిపిస్తుంది, కానీ ఇంగ్లండ్ పద్ధతిలో ఉన్న టెన్షన్ అందులో లేదు.

ఇంకో విషయం, ఆఖరి రోజు మ్యాచ్‌లన్నీ ఒకే టైంకి ఎందుకు మొదలెడతారు? టీవీవాళ్లకి విడివిడిగా పెట్టుకుంటేనే లాభం కదా. దీని వెనక ప్రపంచ కప్ మచ్చ ఒకటుంది. 1982 జూన్ 25, స్పెయిన్‌లో హిహోన్ అనే ఊరు. పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా మ్యాచ్. ఆ గ్రూప్‌లో అల్జీరియా తన మ్యాచ్‌లన్నీ ముందు రోజే అయిపోగొట్టుకుని కూర్చుంది, జర్మనీని 2-1తో ఓడించింది కూడా. జర్మనీ ఒక గోల్ తేడాతో గెలిస్తే జర్మనీ, ఆస్ట్రియా రెండూ ముందుకి వెళ్తాయి, అల్జీరియా ఇంటికి. పదో నిమిషంలో జర్మనీ గోల్ కొట్టింది. ఆ తర్వాత ఎనభై నిమిషాలు బంతిని అటూ ఇటూ తోసుకుంటూ కాలక్షేపం చేశారు, స్టాండ్స్‌లో అల్జీరియా ఫ్యాన్స్ కరెన్సీ నోట్లు ఊపి తిట్టారు. 1-0తో అయిపోయింది. వాళ్లకి ముందే లెక్క తెలిసిపోవడమే అసలు సమస్య. ఆ తర్వాత నుంచి గ్రూప్ ఆఖరి మ్యాచ్‌లు ఒకే టైంకి పెట్టడం మొదలెట్టారు, లీగుల్లోనూ ఆఖరి రోజు అదే పద్ధతి. ఎవరికీ జవాబు ముందే తెలియకూడదు, అందరూ ఒకేసారి పరీక్ష రాయాలి.

అందరూ ఒకేసారి రాస్తే ఎలా ఉంటుందో తెలియాలంటే 2005 మే 15 చూడాలి. నాకు తెలిసినంతలో ఇంతకు మించిన ఆఖరి రోజు లేదు. ప్రీమియర్ లీగ్ చరిత్రలో మొదటిసారి ఆఖరి రోజు వచ్చేసరికి ఒక్క టీం కూడా ఇంకా దిగలేదు. మూడు కుర్చీలూ ఖాళీ, నలుగురు పోటీలో, ఒక్కళ్లే బతుకుతారు. నార్విచ్ 33, సౌతాంప్టన్ 32, క్రిస్టల్ ప్యాలెస్ 32, అందరికన్నా అడుగున వెస్ట్ బ్రామ్ 31. ఈ వెస్ట్ బ్రామ్ క్రిస్మస్‌కి టేబుల్లో అట్టడుగున ఉంది, అప్పటిదాకా ప్రీమియర్ లీగ్‌లో క్రిస్మస్‌కి అడుగున ఉన్న టీం ఏదీ బతకలేదు.

మ్యాచ్‌లు మొదలయ్యాయి. అన్నీ 0-0 కాబట్టి నార్విచ్ పైన. పదో నిమిషానికల్లా రెండు గోల్స్, ఫుల్హామ్ గ్రౌండ్‌లో నార్విచ్ ఒకటి తినేసింది, సౌతాంప్టన్‌కి మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడే పొరపాటున తన నెట్‌లోనే బంతి వేసి గోల్ ఇచ్చాడు. సౌతాంప్టన్ పైకి వచ్చింది. కాసేపటికి యునైటెడ్ సమం చేసింది, అయినా సౌతాంప్టన్ పైనే, ఎందుకంటే సౌతాంప్టన్, నార్విచ్, ప్యాలెస్ ముగ్గురూ ఇప్పుడు 33 దగ్గర ఉన్నారు, గోల్ డిఫరెన్స్‌లో ప్యాలెస్ కన్నా ఒకే ఒక్క గోల్ ముందు సౌతాంప్టన్. ఈలోగా ప్యాలెస్ పక్కూరి టీం చార్ల్‌టన్ చేతిలో ఒకటి తినేసి వెనకబడింది.

సెకండ్ హాఫ్. వెస్ట్ బ్రామ్ కోచ్ బ్రయాన్ రాబ్సన్ జెఫ్ హార్స్‌ఫీల్డ్‌ని సబ్‌గా దించాడు, అతని మొదటి టచ్‌కే గోల్, 58వ నిమిషం. వెస్ట్ బ్రామ్ 34, అడుగునుంచి ఒక్క దూకులో పైకి. కొద్ది నిమిషాలకి మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు వాన్ నిస్టెల్‌రాయ్ రెండో గోల్ కొట్టి సౌతాంప్టన్‌ని దింపేశాడు, 27 ఏళ్లు పై మెట్టు మీద ఉన్న టీం. అటు చార్ల్‌టన్‌లో ప్యాలెస్ సమం చేసింది, 71వ నిమిషంలో పెనాల్టీ దొరికింది, ఆండీ జాన్సన్ వేశాడు, 2-1. ప్యాలెస్ 35. ఇప్పుడు వెస్ట్ బ్రామ్ తన మ్యాచ్ గెలుస్తూనే దిగిపోతోంది. రెండో గోల్ కూడా కొట్టింది, మాంచెస్టర్ యునైటెడ్ నుంచి అప్పుగా తెచ్చుకున్న కీరన్ రిచర్డ్‌సన్ వేశాడు, అయినా ఏం లాభం, 34 అలాగే ఉంది. ఇప్పుడు వాళ్లకి కావాల్సింది తాము కొట్టే గోల్ కాదు, చార్ల్‌టన్ కొట్టే గోల్.

82వ నిమిషంలో చార్ల్‌టన్‌కి ఫ్రీకిక్, బంతి బాక్స్‌లోకి వచ్చింది, జొనాథన్ ఫార్చ్యూన్ తలతో కొట్టాడు. 2-2. ప్యాలెస్ 35 నుంచి 33కి పడిపోయింది. వెస్ట్ బ్రామ్ గ్రౌండ్‌లో ఆ కబురు రేడియోల ద్వారా పాకింది, స్టాండ్స్ అంతా లేచి అరుస్తున్నారు, గ్రౌండ్‌లో ఆడుతున్నవాళ్లకి ఎందుకో అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. ఆ మ్యాచ్‌లో ఓడిపోయిన పోర్ట్స్‌మత్ ఫ్యాన్స్ కూడా సంబరం చేసుకున్నారు, వాళ్ల పక్కూరి శత్రువు సౌతాంప్టన్ దిగిపోతోంది కాబట్టి. చివరికి వెస్ట్ బ్రామ్ 34, ప్యాలెస్ 33, నార్విచ్ 33, సౌతాంప్టన్ 32. ఒక్క సాయంత్రంలో నలుగురూ వంతులవారీగా గీత పైకి వచ్చారు, చివర్లో ఉన్నది మాత్రం పొద్దున్న అట్టడుగున ఉన్నవాడు. నార్విచ్‌ది మరీ ఘోరం, గెలిస్తే ఎవరి దయా అక్కర్లేని టీం అదొక్కటే, 6-0తో ఓడింది.

ఇక్కడ చిన్నాన్న అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "మరి ఆడుతన్నోలకి పక్క మేచ్‌లో స్కోరు సెప్తారేట్రా, సెప్పరా?" నిజంగా కోచ్‌లకి ఇదే పెద్ద తలనొప్పి. చెప్తే ఆట మారిపోతుంది, డ్రా చాలు అని తెలిసినోడు వెనక్కి తగ్గుతాడు, చెప్పకపోతే అనవసరంగా ముందుకెళ్లి గోల్ తినేస్తాడు. కానీ చెప్పకుండా దాచడం కుదరదు, జనం అరుపులే చెప్పేస్తాయి. 2012 మే 13న క్వీన్స్ పార్క్ రేంజర్స్‌ది ఇదే పరిస్థితి, మాంచెస్టర్ సిటీ గ్రౌండ్‌లో 90 నిమిషాలయ్యేసరికి 2-1తో గెలుస్తున్నారు, ఇంజురీ టైంలో, అంటే ఆట ఆగిన టైంకి బదులు చివర్లో కలిపే నిమిషాల్లో, సిటీ రెండు గోల్స్ కొట్టేసింది, రెండోది అగ్యూరో వేసిన గోల్, సిటీకి టైటిల్ తెచ్చింది కాబట్టి ప్రపంచం అంతా చూసింది. అది చూసినవాళ్లలో చాలామంది గమనించనిది ఏటంటే ఓడిపోయిన క్వీన్స్ పార్క్ ఫ్యాన్స్ కూడా అక్కడే గెంతుతున్నారు, స్టోక్‌లో బోల్టన్ 2-2తో డ్రా చేసుకుంది కాబట్టి. క్వీన్స్ పార్క్ 37, బోల్టన్ 36. లెస్టర్ గెలిచి ఏడ్చింది, వీళ్లు ఓడి గెంతారు, రెండూ ఒకే లెక్క.

ఇంత ఏడుపు ఎందుకు, కింద మెట్టులో ఆడుకోవచ్చు కదా? చిన్నాన్న "మన వేపు మిల్లు మూసీసినట్టా?" అన్నాడు. మూసేయరు, మిల్లు నడుస్తుంది, కానీ వచ్చే ఆదాయం ఒక్కసారిగా పడిపోతుంది. ప్రీమియర్ లీగ్‌లో ఉన్న క్లబ్‌కి టీవీ హక్కుల డబ్బు వస్తుంది, ఛాంపియన్‌షిప్‌లో అందులో చాలా చిన్న వాటా. ఆటగాళ్ల కాంట్రాక్టులు మాత్రం పై మెట్టు రేట్లకి రాసినవి. తెలివైన క్లబ్బులు దిగిపోతే జీతం ఇంత తగ్గుతుంది అని ముందే కాంట్రాక్టులో రాసుకుంటాయి. లేదంటే మంచి ఆటగాళ్లని వచ్చిన రేటుకి అమ్ముకోవాలి. కొనేవాళ్లకి వీళ్ల అవసరం తెలుసు, రేటు తగ్గించి అడుగుతారు, మన దగ్గర కోత సీజన్లో అప్పున్న రైతు ధాన్యం అమ్ముకున్నట్టే. ఆటగాడికి ఇంకో క్లబ్ దొరుకుతుంది. ఆఫీసులో, క్యాంటీన్లో, టికెట్ కౌంటర్లో పనిచేసేవాళ్లకి అది కూడా ఉండదు, కోత పడితే మొదట పడేది వాళ్ల మీదే.

ఒక్కసారిగా కుప్పకూలిపోకుండా లీగ్ పారాచూట్ పేమెంట్స్ అని ఇస్తుంది, టీవీ డబ్బులో అందరికీ సమానంగా పంచే భాగం ఉంటుంది కదా, దాంట్లో మొదటి ఏడు 55 శాతం, రెండో ఏడు 45, మూడో ఏడు 20, అది కూడా పైన ఒక్క సీజన్ మాత్రమే ఉండి దిగినవాళ్లకి మూడో ఏడు ఉండదు. ఇది ఉన్నా పడినవాళ్లు ఇంకా కిందకి జారిపోవడం చూశాం. సండర్‌లాండ్ 2017లో దిగి, 2018లో మళ్లీ ఇంకో మెట్టు దిగి, తిరిగి ప్రీమియర్ లీగ్‌కి రావడానికి 2025 దాకా పట్టింది. 2005లో దిగిన సౌతాంప్టన్, నార్విచ్ రెండూ 2009 నాటికి మూడో మెట్టుకి పడిపోయాయి. ప్యాలెస్ కథ ఇంకా విచిత్రం. 2010లో అప్పులపాలై అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే అప్పులు తీర్చలేక బయటి నిర్వాహకుల చేతిలోకి, వెళ్లింది, పది పాయింట్లు కోత పడింది, రెండో మెట్టునుంచి కూడా పడిపోయే పరిస్థితి. ఆఖరి రోజు షెఫీల్డ్ వెన్స్‌డే గ్రౌండ్‌కి వెళ్లి డ్రా చేసుకుని బతికింది. స్కోరు 2-2. ఐదేళ్ల కిందట ఏ స్కోరు ముంచిందో అదే స్కోరు తేల్చింది. అదే ప్యాలెస్ 2025లో మాంచెస్టర్ సిటీ మీద గెలిచి ఇంగ్లండ్ నాకౌట్ టోర్నమెంట్ ఎఫ్ఏ కప్ ఎత్తింది.

మన ఇండియన్ సూపర్ లీగ్ 2014లో మొదలైనప్పుడు ఈ మెట్లు పెట్టలేదు. తర్వాత దాని కింద లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచిన పంజాబ్ ఎఫ్‌సీ 2023లో, మొహమ్మడన్ స్పోర్టింగ్ 2024లో పైకి వచ్చాయి, కానీ ఆ రెండేళ్లూ పైనుంచి ఎవరూ దిగలేదు. డబ్బు పెట్టినవాళ్ల భయం నాకు అర్థమవుతుంది, అయినా నా మాట ఏటంటే అడుగున ఉన్న రెండు టీంలు మార్చిలో ఆడే మ్యాచ్ ఎవరైనా చూడాలంటే దాంట్లో పోయేది ఏదో ఉండాలి.

అలా అని ఇంగ్లండ్‌లో ప్రతి ఏడూ ఈ పండగ ఉంటుందనుకోకండి. 2024, 2025ల్లో అదే తగ్గిపోయింది. 2024లో కింద నుంచి వచ్చిన ముగ్గురే, లూటన్, బర్న్లీ, షెఫీల్డ్ యునైటెడ్, మళ్లీ ముగ్గురూ దిగిపోయారు. 2025లోనూ అంతే, లెస్టర్, ఇప్స్‌విచ్, సౌతాంప్టన్. ఆ ఏడు సౌతాంప్టన్‌కి మొత్తం 12 పాయింట్లు, ఇంకా ఏడు మ్యాచ్‌లు ఉండగానే దిగిపోయింది. పైన ఏళ్లతరబడి ఉన్నవాళ్ల దగ్గర పోగైన డబ్బుకీ కొత్తగా వచ్చినవాళ్ల డబ్బుకీ పొంతన లేదు, ఆఖరి రోజు కొట్లాట రావాలంటే అడుగున నలుగురైదుగురు దగ్గరదగ్గరగా ఉండాలి కదా. 2005లో 34 పాయింట్లతో ఒకడు బతికాడంటే అందరూ అంత బలహీనంగా ఉండబట్టే అని కొందరు తీసిపారేస్తారు, నేను ఒప్పుకోను, 38 మ్యాచ్‌ల తర్వాత నలుగురి మధ్య రెండు పాయింట్ల తేడా ఉండటం కంటే గట్టి పోటీ ఇంకేం కావాలి.

2024 మేలో చిన్నాన్నే ఫోన్ చేసి అడిగాడు, "ఆ ఏడిసినోలు ఏటయ్యేర్రా?" అని. ఛాంపియన్‌షిప్ గెలిచి మళ్లీ పైకి వచ్చేశారని చెప్పాను, పక్కనున్న పిన్నికి కూడా చెప్పాడు. 2025లో వాళ్లు మళ్లీ దిగిపోయారని చెప్పడానికి నాకే మనసొప్పలేదు. ఆ మే నెలలో ఆఖరి ఆదివారం నేను ఆమదాలవలస వెళ్లేసరికి ఆయన టీవీ పెట్టుకుని కూర్చున్నాడు, టీపాయ్ మీద ఆ పాత ఏప్రిల్ కాగితం, పక్కన ఇంకో తెల్ల కాగితం, పెన్ను. ఈ ఏడు కింద ముగ్గురూ ఎప్పుడో తేలిపోయారు చిన్నాన్నా, చూడ్డానికి ఏమీ లేదు అన్నాను. "మరైతే పైన ఐదుగురు సేంపియన్స్ లీగ్ అని యూరప్ పెద్ద టోర్నమెంట్‌కి పోతారట, ఆరో వోడికి లేదట, టీవీలో సెప్తన్నాడు. ఆ గీత ఎక్కడ గియ్యాలో సెప్పు" అని పెన్ను నా చేతికి ఇచ్చాడు.